రాణిగారి సఫేదా, నాయనమ్మ పౌడరు

మా ఇంటి ముందుగదిలో గోడకు ఒక పటం ఉంది. అందులో ఉన్నది మా నాయనమ్మ. ఆ పటం అక్కడికి ఎలా చేరిందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తూ వస్తున్నాను. ఆ సంగతి చెప్పాలంటే ముందుగా, నాలుగు వందల ఏళ్ళ క్రితం ఇంగ్లండును ఏలిన ఒక రాణి ముఖం గురించి చెప్పాలి. ఈ రెంటికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. నాకై నేను ఎన్నడూ కలపగలిగి ఉండేదాన్ని కాదు. కలిపింది నాయనమ్మే.

అది 2003 వేసవి. అన్నయ్య కొత్తగా డీవీడీ ప్లేయరు కొని ఊరికి తెచ్చాడు. ఒక మధ్యాహ్నం నేను శేఖర్ కపూర్ తీసిన ‘ఎలిజబెత్’ చిత్రం పెట్టుకుని చూస్తున్నాను. 1998లో వచ్చిన చిత్రం అది. ‘మాసూమ్’, ‘మిస్టర్ ఇండియా’, ‘బాండిట్ క్వీన్’ తీసిన మన దర్శకుడు ఇంగ్లండు రాణి కథ ఎలా తీశాడో చూడాలన్న కుతూహలం నాది. నాయనమ్మ పక్కనే చాప మీద కూర్చుని దేవుడి వత్తులు చేసుకుంటోంది. ఆవిడకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా బొమ్మ నడుస్తున్నంతసేపూ మధ్యమధ్య తలెత్తి చూస్తూనే ఉంది.

చిత్రం చివరికి వచ్చింది. ఎలిజబెత్ పాత్ర ధరించిన కేట్ బ్లాంచెట్ కూర్చుని ఉంటుంది. పరిచారిక కత్తెరతో ఆమె జుట్టు కత్తిరిస్తూ ఉంటుంది. ఎర్రని కురులు నేల మీద రాలతాయి. ఆ తరువాత పొడి కలిపి చేసిన తెల్లని లేపనం చేతులకూ ముఖానికీ పూస్తారు. అలా అలంకరించుకున్న రాణి తెల్లని దుస్తులలో, చలనం లేని తెల్లని ముఖంతో సభలోకి నడిచి వస్తుంది. సభ అంతా మోకరిల్లుతుంది.

నాయనమ్మ వత్తులు పక్కన పెట్టేసింది.

“ఆ పిల్లకి జుట్టెందుకు తీసేస్తున్నారే? మొగుడు పోయాడా?”

నాకు నవ్వు వచ్చింది. “లేదు నాయనమ్మా, ఆవిడకి అసలు పెళ్ళే కాలేదు. రాణీ. ఇక పెళ్ళి చేసుకోకూడదని నిశ్చయించుకుంది.”

“పెళ్ళి కాకుండానే ఈ గతేమిటి తల్లీ!” అంది. తన మేనత్తకు పదహారో ఏట మంగలిని పిలిపించిన రోజు నాయనమ్మకు జ్ఞాపకం ఉంది. తలుపు వేసి ఉన్నా ఆ ఏడుపు వీధిలోకి వినిపించిందని మాకు ఎప్పుడో ఒకసారి చెప్పింది. జుట్టు తీసి, తెల్లబట్ట కట్టబెట్టడమంటే ఆవిడకు తెలిసిన అర్థం ఒక్కటే.

తెల్లని లేపనం పూస్తున్నప్పుడు మళ్ళీ అంది. “సఫేదా పూస్తున్నారే, నాటకంలో వేషానికి పూసినట్టు.” కాసేపు చూసి, గొంతు కొంచెం తగ్గించి అడిగింది. “ఆ పిల్లకి మచ్చలున్నాయా?”

లేవని చెప్పాను. చిత్రంలో మచ్చలు లేవు కనుక అదే నాకు తెలిసిన నిజం. నాయనమ్మ తల ఊపి మళ్ళీ వత్తులు అందుకుంది.

నాయనమ్మకు తొమ్మిదో ఏట పెద్దమ్మవారు పోసింది. ఆవిడ పుట్టింది 1928లో. బతికి బయటపడింది గాని, రెండు చెంపల మీదా, ముక్కు మీదా, నుదుటి మీదా స్ఫోటకపు గుంటలు మిగిలిపోయాయి. ఆ ముఖం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటైన ముఖం కాబట్టి, అందులో మచ్చలున్నాయన్న ఎరుకే మా పిల్లలెవరికీ ఉండేది కాదు. ఎరుక ఉన్నది ఆవిడకే. అందుకే ఆ ప్రశ్న ఆవిడకు తట్టింది, నాకు తట్టలేదు.

కొన్నేళ్ళ తరువాత రాణి చరిత్ర చదువుతూ ఉంటే ఒకచోట ఆగిపోయాను. 1562 అక్టోబరులో, లండనుకు సమీపంలోని హాంప్టన్ కోర్టు రాజభవనంలో ఎలిజబెత్‌కు మశూచి సోకింది. అప్పటికి ఆమె వయస్సు 29. గద్దెనెక్కి నాలుగేళ్ళు. వారసులు లేరు. రాణి దక్కదనుకుని మంత్రులు తల్లడిల్లిపోయారు. మన వాళ్ళు వేపమండలూ పసుపూ ఆశ్రయించినట్టే ఆ దేశంలో ఎర్రని బట్టను ఆశ్రయించేవారు. రోగిని ఎర్రని వస్త్రంలో చుడితే విషం బయటికి వస్తుందని వారి నమ్మకం. ఎలాగో రాణి బతికింది.

నాయనమ్మ ప్రశ్న తప్పు కాదు. తప్పు నా జవాబే. ఆ చిత్రంలో మశూచి ప్రస్తావన ఎక్కడా లేకపోయినా, ఆ తెల్లని పూత చూసిన మరుక్షణం దాని కింద మచ్చలుంటాయని, తానూ ఆ రోగం నుంచి బయటపడ్డ ముసలావిడ ఊహించగలిగింది. ఆనాటి నుంచీ ఆ రాణి ముఖం నన్ను వదలలేదు.

ముందుగా ఆ పూత సంగతి చూద్దాం. ఐరోపాలో దాన్ని సెరూస్ అనేవారు. వెనిస్ నగరం నుంచి వచ్చే సరుకు మేలైనదని పేరు. అది సీసం నుంచి తీసిన తెలుపు. సీసపు రేకులను పులిసిన సారా ఆవిరి తగిలేలా కుండలలో అమర్చి, ఆ కుండలను పశువుల పెంటలో కప్పిపెట్టేవారు. ఆ వేడికీ ఆవిరికీ కొన్ని వారాలలో సీసం మీద తెల్లని పొర కడుతుంది. దాన్ని గీకి, కడిగి, నూరితే మెత్తని పొడి వస్తుంది. చర్మానికి పట్టుకునే గుణంలోనూ, కింద ఉన్నదాన్ని కప్పే గుణంలోనూ ఆ రోజులలో దానికి సాటి లేదు. చిత్రకారులు బొమ్మలలో వాడిన తెలుపు కూడా ఇదే. బుగ్గలకూ పెదవులకూ వాడిన ఎరుపులలో పాదరసపు గంధకం ఒకటి. అదే మన ఇంగిలీకం. పైన మెరుపు కోసం కోడిగుడ్డు తెల్లసొన పూసేవారు.

మన పౌరాణిక నాటకాల వేషధారులకు సఫేదా, ఇంగిలీకం అన్న మాటలు కొత్తవి కావు. మనలో సఫేదా అన్న పేరు సీసపు తెలుపుకూ జింకు తెలుపుకూ కూడా చెల్లుతుంది. మా ఊళ్ళో సత్యభామ వేషం కట్టే ఒక పెద్దాయన, తెల్లవారాక కొబ్బరినూనెతో ముఖం తుడుచుకుంటూ మంట మంట అని బాధపడేవాడని నాయనమ్మ చెప్పేది. ఆయన పూసుకున్నది ఈ రెంటిలో ఏదో ఇప్పుడు చెప్పలేం గాని, నాయనమ్మ నోటికి సఫేదా అన్న మాట రావడంలో వింత లేదు.

సీసపు తెలుపు విషమని ఆ కాలంలోనే కొందరికి తెలుసు. ఇటలీ చిత్రకారుడు లొమాట్సో గ్రంథాన్ని 1598లో ఇంగ్లీషులోకి తెచ్చిన రిచర్డ్ హేడాక్, స్త్రీలు ముఖానికి పూసుకునే రంగుల వల్ల కలిగే కీడును గురించిన హెచ్చరికలను కూడా అందులో ఇచ్చాడు. అయినా వాడకం ఆగలేదు. 1760లో కవెంట్రీ ప్రభువు భార్య, అందగత్తెగా దేశమంతా పేరు మోసిన మరియా గన్నింగ్, ఇరవై ఏడేళ్ళకే మరణించినప్పుడు కారణం ఈ పూతేనని లోకం చెప్పుకుంది.

ఇక అసలు ప్రశ్న. ఎలిజబెత్ నిజంగా ఆ తెల్లని తొడుగు వేసుకుని తిరిగిందా?

వెండితెర మీద చూసి చూసి, ఇందులో సందేహమేమిటని అనుకునేదాన్ని. తీరా వెతుక్కుంటూ పోతే ఆధారాలు ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. మశూచి వచ్చిన రెండేళ్ళకు, 1564లో, స్కాట్లండు రాయబారి జేమ్స్ మెల్విల్ ఆమె కొలువులో కొన్ని రోజులు గడిపాడు. తన రాణి మేరీ, ఈ ఎలిజబెత్ ఇద్దరిలో ఎవరు అందగత్తెలన్న చిక్కు ప్రశ్నను ఎదుర్కొని, తెలివిగా తప్పించుకున్నవాడు ఆయన. ఎలిజబెత్ జుట్టు పసుపు కంటె ఎరుపు ఎక్కువని, సహజంగానే ఉంగరాలు తిరిగి ఉందని రాశాడు. మచ్చల మాట గాని, పూత మాట గాని ఆయన ఎత్తలేదు. జుట్టంతా కత్తిరించుకుని తెల్లరంగు పూసుకున్నట్టు చిత్రం చూపే కాలం, మెల్విల్ ఆ ఉంగరాల జుట్టు చూసిన కాలం ఇంచుమించు ఒకటే.

వృద్ధాప్యంలో చూసినవారి మాటలూ ఉన్నాయి. 1597లో వచ్చిన ఫ్రెంచి రాయబారి ద మైస్, ఆమె ముఖం బాగా ముసలిదైందని, పొడవుగా సన్నగా ఉందని, పళ్ళు పచ్చబడి కొన్ని ఊడిపోయాయని రాశాడు. 1598లో చూసిన జర్మన్ యాత్రికుడు హెంట్‌స్నర్, ముఖం తెల్లగా ఉన్నా ముడతలు పడిందని, పళ్ళు నల్లబడ్డాయని, జుట్టు పెట్టుడు జుట్టని రాశాడు. ముడతలు కనబడ్డాయన్న మాట గమనించండి. గోడకు సున్నం వేసినట్టు పూత వేసి ఉంటే దూరపు యాత్రికుడికి ముడతలు కనబడవు కదా! ఇక ముఖం మీదా మెడ మీదా కొన్నిచోట్ల అర అంగుళం మందాన రంగు ఉందని 1600 ప్రాంతంలో రాసినవాడు ఒక జెసూయిట్ మతగురువు. రాణికి ఆయన మతం వారంటే పడదు, వారికి రాణి అంటే పడదు. ఆమె పోయిన పదిహేనేళ్ళకు నాటకకర్త బెన్ జాన్సన్ ఒక మిత్రుడితో మాట్లాడుతూ, ముసలితనంలో రాణి నిజమైన అద్దంలో తనను తాను చూసుకోలేదని, పరిచారికలు ఆమెకు రంగు పూస్తూ అప్పుడప్పుడు ముక్కుకు కూడా ఎరుపు పులిమేవారని పరిహాసమాడాడు. మనకు మిగిలిన తెల్లని తొడుగులో ఎక్కువ భాగం ఇటువంటి నోళ్ళ నుంచి వచ్చిందే.

ఆమె రంగు పూసుకోలేదని నేను అనడం లేదు. ఆ కాలపు రాజాస్థానాలలో స్త్రీలు పూసుకునేవారు, ఆమె కూడా పూసుకునే ఉంటుంది. అయితే పూసుకోవడం వేరు, ఆ పూతే ఆమె ముఖమైపోయిందని చెప్పడం వేరు. సీసపు విషంతోనే ఆమె పోయిందని చెప్పుకునే మాటకు కూడా రుజువు లేదు. 1603 మార్చి 24న చనిపోయేనాటికి ఆమె వయస్సు 69. ఆ రోజులకు అది నిండు జీవితమే.

మరి ఆ తెల్లని ముఖాన్ని మనమంతా చూశాం కదా, చిత్రపటాలలో? నన్ను అన్నిటికంటె ఎక్కువగా కదిలించిన సంగతి ఇదే. లండనులోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో 1575 ప్రాంతపు పటం ఒకటి ఉంది. డార్న్‌లీ చిత్రపటమని దానికి పేరు. ఎలిజబెత్ ముఖం అనగానే కళ్ళ ముందు నిలిచే పాలిపోయిన, గంభీరమైన ముఖం అందులోదే. గ్యాలరీ నిపుణులు ఆ పటాన్ని పరిశోధించి, 2010లో తమ ప్రదర్శనలో తేల్చి చెప్పిన విషయం ఏమిటంటే, చిత్రకారుడు గీసినప్పుడు ఆ బుగ్గలలో గులాబి ఛాయ ఉండేది. ఆ ఛాయకు వాడిన ఎరుపు వెలుతురుకు నిలవని రకం. లక్క వంటి పదార్థాల నుంచి, కొన్ని పురుగుల నుంచి, చెట్ల నుంచి తీసే ఎరుపులవి. మన ఆడవాళ్ళ పాదాల లత్తుక కూడా ఆ కుటుంబానిదే. శతాబ్దాల వెలుతురులో ఎరుపు వెలిసిపోయింది, దాని కింద ఉన్న సీసపు తెలుపు మాత్రం మిగిలింది. మనం రాణి ముఖపు తెలుపు అనుకున్నదాంట్లో కొంత, రంగు వెలిసిన బొమ్మ తెలుపన్న మాట. ఎన్నో ఏళ్ళుగా వెండితెర అలంకరణకారులు నమ్మకంగా అనుకరించిన పటాలు ఈ రకంవే.

అలాగని పటాలు అమాయకమైనవీ కావు. తన ముఖం ఎలా కనబడాలన్న విషయంలో రాణి పట్టుదల గలది. చిత్రకారుడు నికొలస్ హిల్లియార్డ్ తన ఎదుట బొమ్మ గీస్తున్నప్పుడు, నీడలు పడని చోటు కావాలని తోటలో ఆరుబయట కూర్చుంది. 1596లో రాణిగారి మంత్రిమండలి, ఆమెకు అప్రతిష్ఠ కలిగించే వికారమైన బొమ్మలను ఏరి నాశనం చేయాలని ఆజ్ఞ ఇచ్చింది. అంతకు కొద్దికాలం ముందు ఐజక్ ఆలివర్ ఎదుట కూర్చోబెట్టుకుని గీసిన చిన్న బొమ్మ ఒకటి అసంపూర్ణంగా మిగిలింది. అందులో వయస్సు మీరిన స్త్రీ కనబడుతుంది. హాట్‌ఫీల్డ్ హౌస్‌లో ఉన్న ‘ఇంద్రధనుస్సు చిత్రపటం’ 1600 ప్రాంతానిది. రాణికి అప్పుడు అరవై ఏడు దరిదాపు. బొమ్మలోని స్త్రీకి ఇరవై అయిదు దాటవు. చరిత్రకారుడు రాయ్ స్ట్రాంగ్ దీన్ని యౌవనపు తొడుగు అన్నాడు. ఆ తొడుగును ఎలిజబెత్ నిజంగా ధరించింది. అయితే ఎక్కువగా ముఖం మీద కాదు, బొమ్మల మీద.

ఈ కథలో మరొక స్త్రీ ఉంది. రాణి మశూచితో పడి ఉన్నప్పుడు పక్కనుండి సేవ చేసినది మేరీ సిడ్నీ. రాణికి ఆప్తుడైన రాబర్ట్ డడ్లీ సోదరి, కవి ఫిలిప్ సిడ్నీ తల్లి. మన పల్లెల్లో అమ్మవారు పోసినవాళ్ళ దగ్గరకు, అంతకు ముందే పోసి బతికినవాళ్ళను పంపేవారు. వారికి మళ్ళీ రాదని అనుభవం నేర్పింది. మేరీ సిడ్నీకి అంతకు ముందు రాలేదు. రాణికి సేవ చేస్తూ తానూ తెచ్చుకుంది. రాణి ముఖం చాలావరకు దక్కింది గాని ఈమె ముఖం దక్కలేదు. ప్రయాణానికి వెళ్ళేటప్పుడు తన భార్య తన కళ్ళకు అందరిలోకీ అందగత్తె అని, తిరిగి వచ్చేసరికి మశూచి ఆమెను ఎంత వికారం చేయగలదో అంతా చేసిందని భర్త హెన్రీ సిడ్నీ ఇరవై ఏళ్ళ తరువాత ఒక లేఖలో రాసుకున్నాడు. ఇంట్లో ఒంటరి గుడ్లగూబలా బతుకుతోందన్న అర్థం వచ్చే పోలిక కూడా చేశాడు. ఆ తరువాత ఆమె కొలువులో ముసుగు లేకుండా కనిపించలేదని బెన్ జాన్సన్ చెప్పాడు. ఈ మగవారి మాటల ప్రకారం ఆమె జీవితం 1562తో ముగిసిపోవాలి. కాని 1570లలో కూడా ఆమె రాణి కొలువుకు వస్తూ పోతూ, రాజభవనంలో తనకు తగిన గది ఇప్పించమని అధికారులతో తగువు పడుతూ ఉన్నట్టు లేఖలు దొరుకుతున్నాయి.

నేను చూసిన చిత్రాలలో మేరీ సిడ్నీ ఎక్కడా నాకు తగలలేదు. వెండితెరకు కావలసినది రాణి ముఖం ఒక్కటే. 1939లో బెటీ డేవిస్ ముప్పై ఒకటో ఏట అరవై దాటిన ఎలిజబెత్‌గా నటించడానికి నుదుటి పైన జుట్టు గొరిగించుకుంది, కనుబొమలు తీయించుకుంది. 1955లో మళ్ళీ అదే పాత్ర వేసింది. 1971లో బీబీసీ ధారావాహికలో గ్లెండా జాక్సన్ కూడా ముందు జుట్టు గొరిగించుకుంది. శేఖర్ కపూర్ చిత్రం ఏడు ఆస్కార్లకు ప్రతిపాదన పొంది ఒక్కటి గెలుచుకుంది. అది ముఖాలంకరణకు, జెన్నీ షర్కోర్‌కు. 2018లో ‘మేరీ క్వీన్ ఆఫ్ స్కాట్స్’ వచ్చింది. అలంకరణ బృందంలో ఆవిడే. మార్గో రాబీ ముఖాన మశూచి పొక్కులు, తరువాత గుంటలు, వాటి పైన తెల్లని పూత. ఆ చిత్రంలో ఇద్దరు రాణులు ఒకచోట ఎదురుపడతారు. చరిత్రలో వారు ఎన్నడూ కలుసుకోలేదు. ఆ కల్పిత సన్నివేశం ఎందుకు కావలసి వచ్చిందో చూడండి. ఎలిజబెత్ తన పెట్టుడు జుట్టు తీసి, మేరీ ముందు బోడితలతో నిలబడడానికి!

ఇటువంటి సన్నివేశానికి మూలం చరిత్రలో ఒక్కటి ఉంది. 1599 సెప్టెంబరు 28 ఉదయం ఎసెక్స్ ప్రభువు బురద బట్టలతో నాన్‌సచ్ భవనంలో రాణి పడకగదిలోకి అనుమతి లేకుండా దూసుకువెళ్ళాడు. ఆమె అప్పుడే నిద్ర లేచింది. ఆనాటి సంగతిని ఉత్తరంలో తెలియజేసిన రోలండ్ వైట్ రాసినది ఒక్కటే. జుట్టు ముఖం చుట్టూ పడి ఉందని. బోడితల అనలేదు, రంగు పూయని ముఖం భయంకరంగా ఉందనీ అనలేదు. ఆ ఉత్తరం అందుకున్నవాడు రాబర్ట్ సిడ్నీ, మేరీ సిడ్నీ కొడుకు. తరువాతి వారి చేతుల్లో ఆ జుట్టు ఊడి, ముఖం వికారమై, ఎసెక్స్ నిర్ఘాంతపోయాడన్న కథ పెరిగింది.

వెండితెర ఆ తలుపును మళ్ళీ మళ్ళీ తోస్తూనే ఉంది. మొదట సీసపు పూత పూస్తుంది, తరువాత దాన్ని తుడిచి, ఇదిగో నిజమైన స్త్రీ అని చూపుతుంది. మనమూ జాలిపడి, నిజం చూశామన్న తృప్తితో లేచి వస్తాం. ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల బోధపడలేదు. నా చేతులతో నేనే ఆ పని చేయబోయినప్పుడు బోధపడింది.

నాయనమ్మకు క్యూటికూరా పౌడరు ఉండేది. పేరంటానికైనా, గుడికైనా, వీధి చివర కొట్టుకైనా, ముఖం కడుక్కుని పౌడరు రాసుకోకుండా గడప దాటేది కాదు. 1990లో తాతయ్య పోయాక పూలూ కుంకుమా మానేసింది. పౌడరు మానలేదు. ఎవరో చుట్టపావిడ ఈ వయసులో, ఈ స్థితిలో సోకులేమిటని అందట. “సోకు కాదు వదినా, మర్యాద” అని నాయనమ్మ జవాబు. ఆ పౌడరు గుంటల్లో చేరి, మచ్చలను దాచడానికి బదులు చుక్కలు చుక్కలుగా చూపేది. ఆ మాట ఆవిడకు మేమెవరమూ చెప్పలేదు.

ఆవిడ ఫొటోలు రెండున్నాయి. ఒకటి 1951లో బందరు స్టూడియోలో తీసినది. తాతయ్య కుర్చీలో కూర్చుని ఉంటారు, పక్కన ఆవిడ నిలబడి ఉంటుంది. ముఖం నున్నగా, తామరరేకులా ఉంటుంది. ఆ రోజులలో స్టూడియోవాళ్ళు నెగటివు మీద సన్నని పెన్సిలుతో దిద్ది మచ్చలు మాయం చేసేవారు. “అడక్కుండానే చేశాడే, మహానుభావుడు!” అని ఆ ఫొటో చూసినప్పుడల్లా మురిసిపోయేది. రెండోది 2012లో నేను తీసినది. పెరటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి ఒక్కొక్క గుంటలోనూ నీడ నిలిచింది. నేను తీసిన ఫొటోలన్నిటిలోకీ నాకు నచ్చినది అదే. చూపిస్తే నాయనమ్మ చాలాసేపు చూసి, “పౌడరైనా రాసుకోనివ్వలేదు కదే” అని బోర్లించి పక్కన పెట్టింది.

2019 వేసవిలో నాయనమ్మ వెళ్ళిపోయింది. తొంభై ఒక్క ఏళ్ళు. పెద్దకర్మనాటికి పటం కట్టించే పని నా మీద పడింది. ఇంకేమీ ఆలోచించకుండా 2012 ఫొటో పట్టుకుని స్టూడియోకు వెళ్ళాను. కంప్యూటరు ముందున్న కుర్రవాడు బొమ్మ పెద్దది చేసి, “మచ్చలు తీసేయమంటారా మేడమ్? అయిదు నిమిషాల పని” అన్నాడు. వద్దన్నాను. అలా అనడంలో నాకు గర్వంగా కూడా ఉంది. లోకమంతా ముఖాలు దిద్దుకుంటున్న కాలంలో మా ఇంట్లో ఒక నిజమైన ముఖం ఉంటుందనుకున్నాను.

ఇంటికి వచ్చి చెబితే నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. అత్తయ్య మాత్రం, “అమ్మ ఒప్పుకునేది కాదే” అంది. అంతకంటె ఎక్కువ చెప్పలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొన్ని వారాల క్రితమే చూసిన ఆ ఇద్దరు రాణుల సన్నివేశం పదే పదే గుర్తుకు వచ్చింది. పెట్టుడు జుట్టు తీయించినవారెవరు? ఎలిజబెత్ ఎన్నడూ తీయలేదు. నలభై నాలుగేళ్ళు పాలించిన స్త్రీ, తన ముఖం లోకానికి ఎలా కనబడాలో తానే నిర్ణయించుకుంది. తన బొమ్మల కోసం ఎండలో కూర్చుంది, నచ్చని బొమ్మలను నాశనం చేయించింది. ఆమె పోయాక, అడ్డు చెప్పేవారు లేరు గనుక, మనం తీయించాం. దానికి నిజమని పేరు పెట్టుకున్నాం. నేను చేస్తున్నది వేరే ఏమిటి? నాయనమ్మ బోర్లించిన ఫొటోను, ఆవిడ చేయి అడ్డు రాలేని రోజు చూసి, తిప్పి గోడకు పెట్టబోతున్నాను. ఆ మచ్చలు నాకు అందంగా కనబడ్డాయి, నిజమే. కాని వాటిని మోసినది నేను కాదు. తొమ్మిదో ఏట నుంచి మోసినావిడ వాటి గురించి తన మాట తాను చెప్పింది, ఒక్క రోజు కాదు, ఎనభై ఏళ్ళపాటు ప్రతి రోజూ గడప దాటే ముందు.

తెల్లవారగానే స్టూడియోకు వెళ్ళి 1951 ఫొటో ఇచ్చాను. తాతయ్యను పక్కకు తప్పించి ఆవిడ ముఖం మాత్రం పెద్దది చేయమన్నాను. తెర మీద బొమ్మ పెరుగుతూ ఉంటే చెంపల మీద ఏవో సన్నని గీతలు బయటపడ్డాయి. దగ్గరదగ్గరగా, ఓపికగా, ఒక దాని పక్కన ఒకటి వేసిన పెన్సిలు గీతలు. ఎక్కడెక్కడ గుంట ఉందో అక్కడక్కడ అవి గుంపుగా ఉన్నాయి. కుర్రవాడు మళ్ళీ అడిగాడు. “ఈ గీతలైనా తీసేయమంటారా?”

వాటిని ఉంచమన్నాను.

ఇంటికి వచ్చే పిల్లలు ఆ పటం చూసి ఈవిడెవరని అడుగుతారు. వాళ్ళకు తెలిసిన ముసలి ముఖం అందులో లేదు. ఆ లోటు లోటే. 2012 ఫొటో నా బీరువాలో ఉంది, ఎవరికీ చూపను. గోడ మీది పటాన్ని గుమ్మంలో నిలబడి చూస్తే నున్నని ముఖమే కనబడుతుంది, ఆవిడ కోరుకున్నట్టు. దుమ్ము తుడవడానికి దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ పెన్సిలు గీతలు కనబడతాయి. ఇంట్లో దుమ్ము తుడిచేది నేనే.